ఓబులేసు చెవిలో చెప్పిన రాయి

నిన్న పొద్దున ఖాదర్ ఫోన్ చేశాడు. ఖాదర్ ఎప్పుడూ మెసేజే పెడతాడు, కాల్ చేయడు. స్క్రీన్ మీద పేరు చూడగానే ఏదో జరిగిందనుకున్నాను.

"ఓబులేసు పోయినాడప్పా," అన్నాడు.

"యాడికి?" అని అడిగాను.

ఏం ప్రశ్న అది? కానీ నా నోటికి అదే వచ్చింది.

గుండెపోటట. అంగడి తలుపు తీస్తూ తీస్తూ అక్కడే కూలబడిపోయాడట. యాభై కూడా నిండలేదు.

సాయంత్రానికి పత్తికొండలో మట్టి చేసి వచ్చేశాం. రాత్రంతా నిద్ర లేదు. టైపింగ్‌లో తప్పులుంటే ఏమనుకోకండి.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఓబులేసుది పత్తికొండలోనే విత్తనాల అంగడి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ అంగడి మిద్దె మీద, వేరుశనగ మూటల మధ్య కూర్చుని మేం నలుగురం ఒక గేమ్ ఆడేవాళ్లం. ఓబులేసు కథ చెప్తాడు. ఖాదర్, శ్యామల టీచర్, నేను ఆ కథలో మనుషులం. ఏం చేస్తామో మేం చెప్పాలి. అది అయిందో లేదో పాచికలు వేసి చూడాలి.

కథంతా 1950ల కర్నూలులో. ఊరు రాజధానిగా ఉండి, ఆఫీసులు గుడారాల్లో నడిచిన రోజులు. అవన్నీ ఓబులేసు వాళ్ల తాత చెప్పగా విన్నాడు.

నేను గుడారాలు వేసే కూలీని. ఖాదర్ జట్కా తోలేవాడు. శ్యామల టీచర్ గుడారం ఆఫీసులో టైపిస్టు. వాన పడిందంటే ముగ్గురం పని ఎగ్గొట్టి, పొలాల్లో వజ్రాలు వెతకడానికి పోవాలి. వానకు రాళ్లు పైకి తేలతాయని మా వైపు ఇప్పటికీ పోతారు కదా, అదే.

ఓబులేసుకు ఒకటే భయం. ఆటలో ఎవరికి ఎంత ఇవ్వాలి అని. శనివారం రాత్రి నిద్రే పట్టేది కాదట. నిన్న వాళ్లావిడ ఏడుస్తూనే చెప్పింది.

ఆ భయం పట్టించింది శ్యామల టీచరే. మొదట్లో ఒకసారి ఆటలో ఆమెకు పెద్ద వజ్రం దొరికింది, అందరి ముందే. రెండు ఆదివారాలు తిరిగేసరికి ఆమె సినిమా హాలు కట్టేసింది. నేను గేటు దగ్గర టికెట్లు చించేవాణ్ణి. ఖాదర్ ఆమె కారుకు డ్రైవర్. ఇంక వాన పడితే మాత్రం పొలానికి ఎవరు పోతారు?

"ఆట సచ్చిపాయ," అని ఓబులేసు పాచికలు డబ్బాలో వేసేశాడు.

మళ్లీ మొదలుపెట్టాక చెయ్యి బిగించేశాడు. వారమంతా గుడారాలు వేస్తే నాకు వచ్చేది సంగటికి కూడా చాలదు. ఖాదర్ గుర్రానికి గడ్డి లేదు. టీచర్ చెప్పు తెగితే కుట్టించుకునే దిక్కు లేదు.

ఒకరోజు ఖాదర్ నిజంగానే అలిగాడు. "బయట పడే కష్టం సాలదా అప్పా? ఆటలో గూడా కరువేనా?"

ఓబులేసు ముఖం పాలిపోయింది. "శానా ఇస్తే కదలరు. తక్కువిస్తే రారు. నేనేం సేద్దును?"

తర్వాతి ఆదివారం కథలో వాన కురిపించాడు. ఒక్కొక్కరినీ విడిగా మెట్ల మీదికి పిలిచి, ఏం దొరికిందో చెవిలో చెప్పాడు. నా వంతు వచ్చింది.

"నీకు రాయి దొరికిండాది. చింతగింజంత. రవ్వంత పసుపు చాయ. ఎవురికీ సెప్పాకు."

పైకి వస్తే ఖాదర్ అడిగాడు, "ఏమన్నా దొరికెనా?"

"యాడ దొరుకుతాదిలేప్పా," అన్నాను. మా వైపు రాయి దొరికినవాడూ అదే అంటాడు, దొరకనివాడూ అదే అంటాడు.

ఇంక ఆ రోజు నుంచి నాకు మనశ్శాంతి లేదు. కథలో ముగ్గురం ఒకే గుడారంలో పడుకోవాలి. నేను రాయిని పంచె మడతలో దోపుకున్నాను. ఖాదర్ చీకటి పడితే చాలు "నేను మేలుకొనే ఉంటా" అనేవాడు. వీడు నన్ను కనిపెడుతున్నాడని అనుకున్నాను. శ్యామల టీచర్ "నేను బయట పడుకుంటా" అంటే, నా రాయి సంగతి వజ్రాల వ్యాపారికి కబురు పంపుతుందేమోనని హడలిపోయేవాణ్ణి. ఎవరికీ అనుమానం రాకూడదని మామూలు కంటే రెట్టింపు గుడారాలు వేశాను.

"ఆట కోసం ఇంత గాబరానా?" అని మా ఆవిడ తిట్టేది. అయినా ఒక్క ఆదివారం మానలేదు. రాయి అక్కడ పెట్టుకుని ఇంట్లో ఎట్లా కూర్చుంటాను?

నిన్న మట్టి చేసి వచ్చాక ముగ్గురం ఆ అంగడి మెట్ల మీదే కూర్చున్నాం. నాకు ఏడుపు కంటే ముందు గాబరా వచ్చింది. నా రాయి సంగతి తెలిసినవాడు ఓబులేసు ఒక్కడే. ఇప్పుడు చెప్తే ఎవరు నమ్ముతారు? చెప్పకపోతే ఆ రాయి ఉన్నట్టా, లేనట్టా?

ఖాదర్ నేల చూస్తూ అన్నాడు, "ఒక మాట సెప్పల్ల. తిట్టాకండి. నా కాడ రాయి ఉండాది. చింతగింజంత."

"పసుపు చాయనా?" అంది శ్యామల టీచర్.

ఖాదర్ తలెత్తి చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా కాడ గూడా ఉండాదప్పా," అంది.

నా చెయ్యి దానంతట అదే నడుం దగ్గరికి పోయింది. ఇద్దరూ ఆ చెయ్యి చూశారు.

ఇన్నాళ్లూ ముగ్గురం ఒకరిని చూసి ఒకరు భయపడుతూ ఆ గుడారంలో పడుకున్నాం. ఎవరూ సినిమా హాలు కట్టలేదు. ఎవరూ ఆట మానలేదు. ఎవరికి ఎంత ఇవ్వాలో ఓబులేసుకు లెక్క కుదిరింది. కుదిరిందని మాతో ఒక్క మాట అనకుండా పోయాడు.

రాత్రి నుంచి నాకు ఇంకో దిగులు పట్టుకుంది. వాడు మూడు రాళ్లు ఇచ్చాడా, ఒకే రాయిని ముగ్గురి చెవుల్లో చెప్పాడా? ఒకటే అయితే అది ఎవరిది? అడుగుదామంటే మనిషి లేడు.

ఈ ఆదివారం కూడా మిద్దె మీదికి పోతాం. ఏం ఆడతామో తెలియదు.

ఓబులేసూ, నిమ్మళంగా పడుకోప్పా. ఎవురికి ఎంతియ్యల్లో అనే దిగులు నీకింక లేదు. ఇది చదివి ఎవరైనా వచ్చి రాయి సంగతి అడిగితే, యాడ దొరుకుతాదిలేప్పా అనే అంటాను.