ఎదురింటాయన విమానాన్ని తీసేశారు

ముందే ఒప్పుకుంటున్నాను. నేను ఉన్నదానికి నాలుగు రెట్లు చెప్పే మనిషిని. మేకను చూస్తే ఎనుమంటాను, ఎనుమును చూస్తే ఏనుగంటాను. ఏనుగు మా దిక్కుకు రాదు గాబట్టి బతికిపోయింది. మా నాయన ఉన్నన్నాళ్ళూ నేనేం చెప్పినా "దీంట్లో పాలెంత, నీళ్ళెంత రా?" అని అడిగి, నేను తలవంచుకున్నాక మిగిలినంత మాత్రం నమ్మేవాడు. మీరూ అట్లాగే చదవండి.

ఇది ఏడెనిమిదేళ్ళ కిందటి సంగతి. ముదిగుబ్బకు మా ఊరు ఆరు మైళ్ళు. ఎండలో నడిచేవాడికి పన్నెండు, నేను చెబితే ఇరవై. నాకప్పటికి ముప్పై దాటాయి. ఉన్నది నాలుగెకరాల ఎర్రనేల. ఆ నాలుగెకరాల్లో ఏటా రాళ్ళ దిగుబడి మాత్రం ఎప్పుడూ తగ్గలేదు.

మా వైపు చెనక్కాయల విత్తనం చేత్తోనే ఒలవాలి. మిషన్‌లో వేస్తే పప్పు మీది ఎర్రతోలు చిట్లుతుంది, తోలు చిట్లిన పప్పు మొలవదు. ముందే ఒలిచి పెట్టుకుందామా అంటే పురుగు పడుతుంది. అందుకని వానలకు ముందు రెండు మూడు వారాలు, మధ్యాహ్నం పూట, ఊరంతా ఎవరో ఒకరి పంచలో చేరి ఒలుస్తుంది. ఈరోజు వాళ్ళింట్లో, రేపు మనింట్లో. కూలి లేదు. వచ్చినవాళ్ళకు తలా ఒక బెల్లం ముక్క, కడుపు నిండా మంచినీళ్ళు. అయితే ఎవరి పంచ ముందు నిండుతుందన్నది బెల్లం తేల్చదు, మాట తేలుస్తుంది. ఒలిచేటప్పుడు చేతులకు పని ఉంటుంది గానీ చెవులు ఖాళీ. ఆ చెవులకు మేత వేసేవాడి మూటలు ముందు ఖాళీ అవుతాయి.

పదేళ్ళపాటు ఆ మేత వేసింది నేను. మా తాత ఎద్దు దూపకు చిత్రావతిని ఒక్క గుక్కలో తాగేసిందనీ, అప్పటినుంచే ఏట్లో ఇసుక తేలిందనీ నేను చెబుతూ ఉంటే, నవ్వలేక కాయలు జారవిడిచినవాళ్ళు ఉన్నారు. మా పంచలో చోటు చాలక గోడెక్కి కూర్చుని ఒలిచేవాళ్ళు. మూడు మధ్యాహ్నాల్లో నా విత్తనం సిద్ధమయ్యేది. ఊళ్ళో అందరికన్నా ముందు.

ఆ వైభవం ఎదురింటాయన విమానమెక్కేదాకే.

ఎదురింటాయన పెళ్ళిళ్ళకు వండే మనిషి. అనంతపురంలో ఒక షావుకారుకు కంటి ఆపరేషన్ కోసం లండన్ పోవాల్సి వచ్చింది. షావుకారు ఈయన చేతిది తప్ప పరాయి మెతుకు ముట్టడు. పొద్దున్నే బొరుగుల ఉగ్గాణి లేందే ఆయనకు తెల్లవారదు. అందుకని బొరుగుల మూటతో పాటు ఎదురింటాయనను కూడా విమానమెక్కించుకుని పోయాడు. బొంబాయి నుంచి లండన్‌కు, ఆ విమానాల కంపెనీ దగ్గర ఉన్నవాటిల్లోకెల్లా పెద్ద విమానంలో. షావుకారుకు చూపు వచ్చింది. నాకు మాత్రం కళ్ళు కుట్టడం మొదలైంది.

ఎదురింటాయన గొప్పలు చెప్పినా ఓర్చుకునేవాణ్ణి, గొప్పల్లో నన్ను గెలిచేవాడు ఈ జిల్లాలో పుట్టలేదు. ఆయన గొప్పలు చెప్పడే! నేను మేకను ఏనుగు చేయడానికి అరగంట చెమటోడ్చాలి. ఆయన దగ్గర నిజం ఏనుగే ఉంది. తోక పట్టుకుని ఊరికే ఈడ్చుకొచ్చి నిలబెడతాడు.

"ఎక్కినా. కూచున్నా. నడుముకు పట్టీ కట్టినారు. పెప్పర్మెంటు ఇచ్చినారు. లేసింది." ఆయన చెప్పడం ఇంతే. పంచలో చీమ నడిస్తే వినబడుతుంది.

"కిందికి జూస్తివా అన్నా?" అనేవాడు గొర్రెలు మేపే ఆయన.

"జూసినా. మోడాలు ఉండాయి. మనం మోడాలకు పైన ఉండాము."

అప్పుడు ఊళ్ళో అందరికన్నా పెద్దదైన అవ్వ ఒలిచేది ఆపి, "అంటే మోడం ఈపు జూసినావా నాయనా?" అని అడిగేది.

"జూసినానవ్వా. ఏకిన దూది మాదిరి ఉండాది."

"నీళ్ళు?"

"నీళ్ళు కానరాలేదవ్వా."

"అదీ సంగతి!" అవ్వ అందరి వైపూ తిరిగేది. "మన దిక్కుకు వచ్చే మోడాలన్నీ ఆ జాతివే."

వానకోసం మెడలు విరిగేట్టు మోడాలను కిందినుంచే చూసి చచ్చిన ఊరు మాది. పైనుంచి చూసినవాడు ఊళ్ళోనే ఉన్నాక ఇక పంచాంగం ఎవరికి కావాలి? "అన్నా, ఈ మోడం కురుస్తాదా?" అని ఆయన్ను అడిగేవాళ్ళు. ఆయన తలెత్తి చూసి "నాకు తెల్దప్పా" అనేవాడు. అన్నీ తెలిసినవాడు గాబట్టే తెలియదంటున్నాడని ఊరు ఇంకా మురిసిపోయేది. అదే మాట నేనంటే "నీకేం తెలుస్తాదిలే" అంటారు.

ఒకరోజు ఉండబట్టలేక, అందరి ముందూ ఆయన్ను ఇరికిద్దామని చూశాను. "ఏమప్పా, పైకి లేసేటప్పుడు రెక్కలాడిస్తాదా మీ ఇమానము?"

"ఆడించదప్పా. అది కోడి కాదు" అన్నాడు, చాలా మర్యాదగా.

పంచ కప్పు లేచిపోయేట్టు నవ్వారు. పదేళ్ళు నా మాటలకు నవ్విన నోళ్ళే. ఆ రాత్రి రాగి సంగటి ముద్ద మింగుడుపడలేదు. నాలుగు ముద్దలు మాత్రమే తిన్నాను. మా ముద్దలు తెలిసినవాళ్ళకు అవెంత పెద్దవో తెలుసు, ఆ మాట వేరే.

రెండేళ్ళు అలా గడిచాయి. మూడో ఏడు, విత్తనాలు ఒలిచే రోజుల్లోనే, నేను ముదిగుబ్బ పోయి హోటల్లో టీ తాగుతూ పేపరు తిరగేస్తున్నాను. తలనూనె ప్రకటన కింద నాలుగే నాలుగు వరసలు. బొంబాయి, లండన్ దారిలో ఇన్నాళ్ళూ నడిపిన తమ అతిపెద్ద విమానాన్ని కంపెనీవాళ్ళు మానుకుంటున్నారట. సీట్లు నిండడం లేదట. ఇకపైన ఆ దారిలో చిన్నది తిరుగుతుందట.

చదివాను. మళ్ళీ చదివాను. నా పెళ్ళి శుభలేఖను కూడా అంత ప్రేమగా చదవలేదు. హోటలాయన కాళ్ళావేళ్ళా పడి ఆ పేపరు తీసుకుని, ఆరు మైళ్ళూ ఉరికినంత పనిచేసి, నేరుగా ఎదురింటి పంచలోకి పోయాను. జనం కిక్కిరిసి ఒలుస్తున్నారు. బస్సులో కండక్టరు ఊరి పేరు అరిచినట్టు, గొంతెత్తి చదివాను.

బొటనవేళ్ళన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. లోపల నాకు డప్పులు మోగుతున్నాయి. విమానం పోయింది, ఇక దాని ముచ్చటా పోతుంది, రేపు మధ్యాహ్నానికి అందరూ నా పంచలో ఉంటారు!

"తీసేసినారంటే?" అంది అవ్వ. "కటికోనికి అమ్మినారా?"

"అమ్ముంటారవ్వా, ముసల్దయింది గదా" అన్నాను, సాధ్యమైనంత దిగులుగా.

"అయ్యో నా తల్లీ! మనోణ్ణి భద్రంగా తీసకపోయి తీసకొచ్చిందే!" అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గొర్రెలాయన నెమ్మదిగా అన్నాడు. "అంటే ఇంగ మన దిక్కున ఎవడెక్కినా చిన్నదాంట్లోనే. పెద్దది ఎక్కినోడు ఈయనొక్కడే. ఇంగొకడు ఎక్కేకి లేదు."

నాకది తట్టనేలేదు. ఎప్పటికైనా ఇంకొకడెవడైనా ఆ విమానమెక్కి ఈయన వెలుగు తగ్గిస్తాడన్న ఆశ ఉండేది. ఆ ఆశను కూడా నేనే టీ తాగి మరీ మోసుకొచ్చి పాతిపెట్టాను.

ఎదురింటాయన పేపరు తీసుకుని, చదువు రాదు గాబట్టి, ఆ నాలుగు వరసలను వేలితో తడిమాడు. "ఇంగొకసారి చదువప్పా" అన్నాడు. చదివాను. "నిండకపోతే ఏమి? మన బస్సు నిండకపోయినా పోతాది గదా" అని తలవంచుకుని, మళ్ళీ ఒలవసాగాడు. ఆయన కంట్లో నీళ్ళు తిరిగాయి. చెనక్కాయంత బొట్టు, రెండు పప్పులది.

మా ఊళ్ళో ఎద్దు చచ్చిన ఇంటికి పరామర్శకు పోవడం ఆచారం. మరునాటి నుంచి ఎదురింటికి పరామర్శ మొదలైంది. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. వచ్చినవాళ్ళు పంచలో కూర్చుంటారు. ఉత్త చేతులతో ఎంతసేపు కూర్చుంటారు? ముందర మూట ఉంది. చేయి దానంతటదే పోతుంది. మూడు రోజుల్లో ఆయన విత్తనం అయిపోయింది. అయినా ఎవరూ లేవలేదు, ఆయన తమ్ముడి మూటలు కూడా ముందరికి జరిపారు.

నా పంచలో నాలుగు మూటలు, నేను, మా ఆవిడ. ఆమె రోజంతా ఒలిచి ఒక్క మాటే అంది. "పేపర్ సదివితివి గదా, ఇంగ ఆ పేపరే ఇత్తు."

ఆ సాయంత్రమే మోడం ఎక్కింది. ఈసారి నీళ్ళున్న జాతి. కుండపోతగా కురిసింది. మాది ఎర్రనేల. వాన నిలిచాక విత్తేందుకు పదును మూడు రోజులే ఉంటుంది, నాలుగోనాటికి నేల పెంకు కడుతుంది. ఆలోగా విత్తలేకపోతే మళ్ళీ పదునయ్యే వాన వస్తుందన్న నమ్మకం మా సీమలో ఎవరికీ లేదు. మా ఏడాది తిండి ఆ మూటల్లోనే ఉంది, తొక్క కూడా తీయకుండా.

అప్పుడేమైందో వినండి. తెల్లవారేసరికి వీధిలో చప్పుడు. తలుపు తీస్తే ఊరు ఊరంతా, నలభై మంది, నా పంచలోకి తోసుకొచ్చారు. "నీ మాటలు ఇని శానా దినాలాయ, చెప్పప్పా!" అని మూటల చుట్టూ కూలబడ్డారు. నేనొక కథ అందుకున్నాను. అది సగంలో ఉండగానే నాలుగు మూటలూ ఖాళీ. మధ్యాహ్నానికి నాలుగెకరాలూ విత్తేశాను.

బాగుంది కదా? ఈ ముక్క ఒక్కటే నేను పుట్టించింది. మిగతాదంతా ఉబ్బించాను, అంతే. పదును మీద ఎవడి చేనుకు వాడు పరుగెత్తే రోజు అది. నలభై మంది కాదు కదా, నాలుగు కాకులు కూడా నా పంచలో వాలలేదు.

వచ్చింది ఒక్క మనిషి. తమ చేనును తమ్ముడికి అప్పగించి, ఎదురింటాయన వచ్చి, మూట విప్పి కూర్చున్నాడు. నేనూ తలవంచుకుని ఒలవసాగాను. కాసేపు ఒలిచి, "ఏమప్పా, ఊరికే ఉండావు? ఏమన్నా చెప్పు" అన్నాడు.

"ఏం చెప్పాలన్నా?"

"ఆ ఇమానం గురించే చెప్పు. నాకు చెప్పేకి రాదు. ఉన్నదున్నట్టు చెప్తే అదెంత పెద్దదో ఎవరికీ తెలిసినట్టు లేదు."

చెప్పాను. ఒక రెక్క ముదిగుబ్బలో, ఇంకొక రెక్క ఎక్కడో దూరాన శింగనమల చెరువు కట్ట మీద పెట్టాను. ఆయన నవ్వి నవ్వి, "అంత లేదప్పా" అంటూనే చీకటి పడేదాకా ఒలిచాడు. ఆయన బొటనవేలు పగిలి రక్తం వచ్చింది. పదును ఆరేలోగా రెండెకరాలు విత్తాను. మిగిలిన రెండూ ఆ ఏడు బీడు.

నలభై మంది అని ఎందుకు రాశానంటే, నలభై మంది వచ్చి ఉంటే నాకు ఎవరిమీదా కుళ్ళు ఉండేది కాదు. వచ్చింది ఒక్కడు. అదీ ఆయనే, దాంట్లోనూ నాకు పైనే.