సంతకాల బాబాయి సేకరణ

బ్యాంకులో సంతకాలు సరిచూసే కుర్చీలో ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చుని లేచిన మనిషికి తన కంటి మీద ఎంత నమ్మకం ఉండాలో ఆయనకు అంతకు రెండింతలు ఉండేది. చెక్కు మీది సంతకాన్ని కార్డు మీది సంతకం పక్కన పెట్టి, భూతద్దంలోంచి చూసి, చివరి తోక వెంట్రుకవాసి పొట్టిగా ఉన్నా చెక్కు వెనక్కి పంపేసేవాడు. పక్షవాతం నుంచి కోలుకుని వచ్చిన ఒక ముసలాయన చేత పదకొండుసార్లు సంతకం పెట్టించి, "వీటిలో ఒక్కటీ మీది కాదండీ" అని తేల్చిన ఘనుడు.

"నేను నేను కాకపోతే మరెవరిని నాయనా?" అని ఆ పెద్దాయన అడిగితే, "ఆ సంగతి మా సెక్షన్ చూడదు" అన్నాడట. ఆ దెబ్బతో 'సంతకాల బాబాయి' అనే పేరు స్థిరపడింది. బ్యాంకులో పుట్టిన పేరు వీధిలోకి వచ్చింది, వీధిలోంచి ఇంట్లోకీ వచ్చింది.

రిటైరయ్యాక ఆ కంటికి పని లేకుండా పోయింది. ఒక మధ్యాహ్నం ఏమీ తోచక పాత పుస్తకాల దుకాణంలో దూరితే, ఊరూవాడా పేరున్న ఒక నవలా రచయిత తొలి నవల, మొదటి ముద్రణ, చేతికి తగిలింది. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు. పుస్తకంలో ఎవరో అభిమానికి ఆయన రాసిన జవాబు ఉంది, అడుగున నిండైన సంతకం. మొదటి అక్షరం పడగ విప్పినట్టు లేచి, చివరి తోక కాగితం అంచుదాకా సాగింది. బాబాయి ఒళ్ళు జలదరించింది. నవలను చూసి కాదు, తోకను చూసి.

అక్కడినుంచి మొదలైంది. ముందు గదిలోకి గాజు బీరువా వచ్చింది, భార్య కుట్టుమిషను వరండాలోకి పోయింది. ఎండ తగిలితే సిరా వెలిసిపోతుందని కిటికీలు మూశాడు. ఇంటికి వచ్చినవాళ్ళను బాగున్నారా అని అడగడం మానేసి, చేతులు కడుక్కున్నారా అని అడిగేవాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి పందొమ్మిది మొదటి ముద్రణలు పోగయ్యాయి. అందులో ఒక్కటీ ఆయన చదవలేదు. తెరిస్తే నడుం విరుగుతుందని భయం, పుస్తకానికి.

చదివేది భార్య. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసినన్నాళ్ళూ బస్సులో నిలబడి, లైబ్రరీ నుంచి తెచ్చిన చిరుగు ప్రతుల్లో ఆ నవలలన్నీ చదివేసింది. ఒకటి మాత్రం ఎక్కడా దొరకలేదు. అది గాజు బీరువాలో ఉంది, అచ్చయినప్పటి పేజీల మడతలు కూడా కోయకుండా. ఒకరోజు మొగుడు బయటికి వెళ్ళిన సందు చూసి తలపిన్నుతో మడతలు కోసుకుంటూ ముప్పై రెండో పేజీదాకా వెళ్ళింది.

"చదివావా?" అన్నాడు గుమ్మంలోనే, ఇంట్లో దొంగలు పడ్డట్టు.

"పుస్తకమండీ. చదువుతారనే కదా రాశాడు పాపం."

"చదవడానికి నీకు లైబ్రరీ లేదూ?"

తొమ్మిది రోజులు మాట్లాడలేదు. ఆవిడ ఆ తొమ్మిది రోజుల్లో మిగతా పేజీలు పూర్తిచేసింది.

రచయిత రాసిన ఉత్తరాల కోసం బాబాయి పట్టిన దారి ఇంకా గొప్పది. పొద్దున్నే పేపర్లో మరణవార్తల పేజీ తెరిచేవాడు. పోయినవాళ్ళు టీచరో, లాయరో, కాస్త పుస్తకాలు చదివే బాపతో అయితే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పరామర్శకు బయల్దేరేవాడు. ఎవరికీ ఏమీ కాడు. అయినా వాళ్ళకంటే దిగాలుగా కూర్చుని, ఏడుపు కాస్త సద్దుమణగగానే, "మీ నాన్నగారికి పాత ఉత్తరాలు దాచుకునే అలవాటు ఉండేదామ్మా?" అని మెల్లగా అడిగేవాడు. అలా ముప్పై ఎనిమిది ఉత్తరాలు రాబట్టాడు. ప్రతిదాన్నీ భూతద్దం కింద పెట్టి, "ఒకటే చెయ్యి! ఒకటే తోక!" అని మురిసిపోయేవాడు.

ఈ సంగతి విని వీధి చివర సెలూన్ నడిపే మంగలి ఒక కార్డు పట్టుకొచ్చాడు. రచయిత ఇరవై ఏళ్ళు అతని సెలూన్ కుర్చీలోనే క్షవరం చేయించుకున్నాడు. మంగలి జబ్బుపడి ఊరికి వెళ్తే, త్వరగా రమ్మనీ, ఇక్కడ ఇంకొకడు తన చెవి కోశాడనీ ఆయన నాలుగు ముక్కలు రాశాడు. కింద సంతకం అని చెప్పుకోవాల్సిన ఒక గీత.

బాబాయి అర నిమిషం చూశాడు. "దొంగది. ఎవడో నిన్ను ఆటపట్టించాడు" అని, పాత అలవాటుకొద్దీ ఎర్ర పెన్సిలుతో కార్డు వెనక 'నకిలీ' అని రాసి చేతిలో పెట్టాడు. మంగలి ఆ మాటకేసి కాసేపు చూసి, కార్డు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడే జిల్లా లైబ్రరీలో బాబాయి సేకరణ ప్రదర్శనకు పెట్టారు. ముఖ్య అతిథి రచయిత భార్య. ఎనభై దాటిన మనిషి, చెవులు కాస్త దూరం, కళ్ళు మాత్రం చురుకు. బాబాయి పక్కనే నడుస్తూ సంతకం లక్షణాలు వివరిస్తుంటే, ఆవిడ ఒక అద్దాల పెట్టె ముందు ఆగిపోయింది.

"ఈ ఉత్తరం నాకు గుర్తే. ఇది రాస్తుంటేనే పాలు పొంగిపోయాయి."

"ఎవరు రాస్తుంటే అమ్మా?"

"నేనే బాబూ. ఆయనకి ఉత్తరాలంటే ఒళ్ళుమంట. 'నువ్వే ఏదో రాసి పడెయ్' అనేవారు. రాయడం నేనే, సంతకమూ నేనే." మిగతా పెట్టెల వెంట చివరిదాకా నడిచి వచ్చింది. "అన్నీ నావే. ఎంత జాగ్రత్తగా దాచావు నాయనా!"

బాబాయి భూతద్దం బయటికి తీశాడు. "అమ్మా, మీరు పొరబడుతున్నారు. ముప్పై ఒక్క ఏళ్ళు నేను..."

ఆవిడ ఆయన జేబులోని పెన్ను లాక్కుని, ఆహ్వానపత్రం వెనక గీకి ఇచ్చింది. పడగ లేచింది, తోక అంచుదాకా పోయింది. లైబ్రేరియన్‌కి ఉన్నట్టుండి దగ్గు పట్టుకుంది.

"మరి ఆయన సంతకం?"

"అదీ ఒక సంతకమేనా! సిరాలో పడ్డ చీమ పాకినట్టుండేది. బాగా ఇష్టమైనవాళ్ళకి ఎప్పుడో ఒక ముక్క రాసేవారు."

మర్నాడు సెలూన్ తెరవకముందే బాబాయి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కార్డు ఇస్తే మూడు మొదటి ముద్రణలు, కావలసినవి ఏరుకోమన్నాడు.

మంగలి కత్తెరలు సర్దుకుంటూ నవ్వాడు. "దొంగది కదండీ బాబాయిగారూ, మీబోటివాళ్ళకి ఎందుకు? ఇక పుస్తకాలంటారా, మొదటి ముద్రణైనా పదో ముద్రణైనా కథ అదేగా. సగం ఈ కుర్చీలో కూర్చుని నాకు చెప్పినవే." తర్వాత కుర్చీ దులిపి, "జుట్టు పెరిగినట్టుంది, కూర్చోండి" అన్నాడు. బాబాయి కూర్చోలేదు.

రెండు రోజులు ముసుగుతన్ని పడుకున్నాడు. మూడోరోజు లేచి, స్నానం చేసి, బీరువాలోని చీటీలన్నీ మార్చాడు. 'రచయిత స్వదస్తూరి' పోయి, 'రచయిత సతీమణి స్వహస్తాలతో - అత్యంత అరుదు' వచ్చింది. చూడవచ్చినవాళ్ళతో మీసం మెలేసి, "ఒకటే చెయ్యి అని నేను మొదటినుంచీ చెప్పడం లేదూ? నా కన్ను తప్పలేదు. చెయ్యి ఎవరిదన్నదే తెలియలేదు" అనేవాడు. వచ్చినవాళ్ళు చేతులు కడుక్కున్నందుకైనా తల ఊపేవారు.

ఆ నెలలోనే బాబాయి భార్య ఆ పెద్దావిడను చూసిరావడానికి ఒక్కతే వెళ్ళింది. పొద్దున పోయిన మనిషి సాయంత్రం దీపాల వేళకు తిరిగొచ్చింది, ముఖం వెలిగిపోతూ.

"అంతసేపు ఏం మాట్లాడుకున్నారు?"

"నవలల గురించేనండీ. ఒకదానికి ముగింపు ఆవిడే మార్పించిందట. ఎందుకో చెప్తూ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను."

బాబాయి కుర్చీలో ముందుకు జరిగాడు. "సంతకం ఏమైనా పెట్టించుకున్నావా?"

ఆవిడ చెప్పులు విడుస్తూ ఆయనకేసి ఒక చూపు చూసింది.

"గుర్తే రాలేదండీ" అంటూ వరండాలోని కుట్టుమిషను దగ్గరకు వెళ్ళింది.