చెట్టుతో పాటు వచ్చిన మనిషి

హులిగెమ్మను కర్నూలుకు తెచ్చింది ఒక వేపచెట్టు. మనుషులు ఊరు మారుతూ కుండీలో మొక్కను వెంట తీసుకుపోవడం ఎవరైనా చూసి ఉంటారు. ఈమె మాత్రం చెట్టు వెంట వచ్చింది. ఆలూరు దగ్గర రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆమె చేనిగట్టు రోడ్డులో కలిసిపోయింది. గట్టు మీది వేపచెట్టుకు గొడ్డలి తప్పదనుకుంటున్న రోజుల్లో, కర్నూల్లో ఖరీదైన ఫ్లాట్లు కడుతున్న కంపెనీకి ఒక ముదురు చెట్టు కావాల్సి వచ్చింది. వేర్లను మన్నుతో సహా తవ్వి, గోనెపట్టాలు చుట్టి, క్రేనుతో లారీకెత్తారు. హులిగెమ్మ ఆ లారీ చుట్టూ తిరుగుతూ "మన్ను రాలనీయొద్దండప్పా, మన్ను రాలనీయొద్దండి" అని ఒకటే మొత్తుకుంది. ఈమెకు చెట్ల సంగతి బాగా తెలుసనుకున్నారు కంపెనీవాళ్ళు. ఆమెకు తెలిసింది ఆ మన్ను సంగతి.

ఆ మన్నులో ఆమె బిడ్డ ఉంది.

బిడ్డ పేరు ఈరక్క. అప్పుడే పాకడం నేర్చింది. అది కరువు ఏడాది, ఊరంతా వాంతులూ విరేచనాలూ. కడుపు జారే బిడ్డకు నీళ్ళు పడితే ఇంకా జారుతుందని ఆ కాలపు నమ్మకం. "చుక్క నీళ్ళు గూడా తగలనీయొద్దు" అని అత్త చెప్పింది. "అట్నేలే అత్తా" అంది హులిగెమ్మ. పెద్దల మాట చద్దిమూట అంటారు. ఆ మూటలో ఏముందో విప్పి చూసే ధైర్యం కొత్త కోడలికి ఎక్కడిది? నాలుక పిడచగట్టి, మూలనున్న బిందె వైపు చూస్తూ చూస్తూ బిడ్డ పోయింది. పళ్ళు రాని పిల్లలను ఆ పక్క కాల్చరు. చేనిగట్టున పూడ్చి, నక్కలు తవ్వకుండా ముళ్ళకంప కప్పుతారు. హులిగెమ్మ ఆ కంప నడుమ ఒక వేపమొక్క నాటింది. ఎందుకు నాటిందో మొగుడు శేషన్నకు ఒక్కడికే తెలుసు. అతనూ పోయి చాలా కాలమైంది.

ఇక ఆ ఫ్లాట్ల సంగతి చెప్పాలి. ఇంటి లోపల ఏదో, బయట ఏదో తెలియకూడదని హైదరాబాదు నుంచి వచ్చిన శ్రావణి అనే డిజైనరు పట్టుబట్టి కట్టించింది. హాలుకు గోడ బదులు అద్దం, అద్దం అవతల వెదురు పొద. స్నానాల గదిలో కూడా ఆకులు వేలాడుతుంటాయి. బయట కర్నూలు ఎండకు కుక్కలు నాలుకలు చాపుతుంటే, లోపల అడవికి ఏసీ. అన్నిటికీ నడుమ, అద్దాల కప్పు కింద, పాలరాతి నేల మధ్య హులిగెమ్మ వేపచెట్టు. దాని కింద కార్లు నిలుపుతారు. నీడలో కాదు, వేర్ల కింద. చెట్టు నిలిచింది భూమిలో కాదు మరి, సెల్లారు కప్పు మీద కట్టిన తొట్టిలో. ఊరి చెట్టుకు నీళ్ళు పోయడానికి ఊరి మనిషే ఉంటే ముచ్చటగా ఉంటుందని శ్రావణి హులిగెమ్మను పనిలో పెట్టించింది. ఆమె ముచ్చట ఆమెది. హులిగెమ్మకు బిడ్డ దగ్గర ఉండే వీలు దొరికింది.

తోటపని చూసే సైఫుల్లా మొదటి రోజే చెప్పాడు. "హులిగెమ్మక్కా, దీని కింద భూమి లేదు, స్లాబుండాది. పోసిన నీళ్ళు యాడికీ పోవు. వారానికి రెండు తూర్లు, తూరికి ఒక బకెట్. అంతే."

"అట్నేలేప్పా" అంది. తల కూడా ఊపింది. కానీ మనసు ఒప్పుకోలేదు. సైఫుల్లాది నందికొట్కూరు. కాలవ నీళ్ళు తాగి పెరిగినవాడికి దాహమంటే ఏం తెలుసని ఆమె లెక్క. నీళ్ళు లేక ఎండిన చెట్లను చూసింది, నీళ్ళు లేక చచ్చిన గొడ్లను చూసింది, నీళ్ళు లేక పోయిన బిడ్డను ఒళ్ళో పెట్టుకుంది. నీళ్ళు ఎక్కువై చచ్చిన చెట్టును ఆలూరు పక్క ఎవరైనా చూశారా?

మధ్యాహ్నం ఫ్లాట్లవాళ్ళంతా కునుకు తీసే వేళ, కొళాయి తిప్పితే బుసబుసమని నీళ్ళు. ఆ చప్పుడు వింటేనే ఆమెకు ప్రాణం లేచొచ్చేది. బకెట్ మీద బకెట్ తెచ్చి పోసేది. పోస్తూ "తాగు తల్లీ" అనేది, మెల్లగా. ముసలితనంలో ఆమెకు సంతోషమంటూ దొరికింది ఆ పూటలే.

కొన్నాళ్ళకు ఆకు పసుపుబారి రాలడం మొదలైంది. దాహమనుకుని ఇంకా పోసింది. కొమ్మలు వాడితే ఇంకా పోసింది. అద్దాల కింద ఏదో కుళ్ళు వాసన వస్తోందని పైనుంచి ఫిర్యాదులు వచ్చాయి. సైఫుల్లా గడ్డపార వేసి తవ్వితే నల్లటి బురద, పట్టుకుంటే చేతికి ఊడివచ్చే వేర్లు. ఆ గుంటలో నిలిచిన నీళ్ళలో అద్దాల కప్పు కనబడుతోంది.

"ఎన్ని నీళ్ళు పోసినావక్కా?" అని అడిగాడు.

హులిగెమ్మ తొట్టి గట్టు మీద కూర్చుంది. ఎవరికీ చెప్పని బిడ్డ మాట అతనికి చెప్పింది. చెప్పి, "అప్పుడు నీళ్ళియ్యక సంపుకుంటి సైఫుల్లప్పా. ఇప్పుడు నీళ్ళిచ్చి సంపుకుంటి" అంది. ఏడవలేదు. సైఫుల్లాకే కళ్ళు నిండాయి. ముదురు చెట్టు, మార్చి నాటితే బతకలేదని ఆఫీసులో అతనే సర్దిచెప్పాడు.

మొద్దును కోసి తీసుకుపోయారు. మన్ను తీయొద్దని హులిగెమ్మ సైఫుల్లాను వేడుకుంది, అతను తీయనీయలేదు. ఇంకో చెట్టు తెచ్చి చంపడం ఎందుకని శ్రావణి అదే గుంటలో కాంక్రీటు దిమ్మె పోయించి, మిగతా మన్ను అలాగే ఉంచి, బొంబాయి నుంచి తెప్పించిన ప్లాస్టిక్ వేపచెట్టు నిలబెట్టించింది. అచ్చం అలాగే ఉంది. రాలదు, వాడదు. ఫ్లాట్లవాళ్ళు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు.

హులిగెమ్మ ఎప్పటిలాగే బకెట్ తెచ్చుకుంది. సైఫుల్లా ఎదురొచ్చి, ఆమె ముఖం చూడలేక నేల చూస్తూ, పొడి గుడ్డ ఒకటి చేతికిచ్చాడు.

"దీనికి నీళ్ళొద్దంటక్కా. రంగు పోతాదంట. ఆకుల మింద దుమ్ము తుడిస్తే సాలంట. చుక్క నీళ్ళు గూడా తగలనీయొద్దన్నారు."

ఆమె కాసేపు ఆ గుడ్డ వైపు, చెట్టు మొదట్లోని మన్ను వైపు చూసింది. మన్ను అప్పుడే ఎండి, పైన సన్నగా పగుళ్ళు ఇచ్చింది.

"అట్నేలేప్పా" అని బకెట్ పక్కన పెట్టింది.