నీడలో ఆరాల్సిన మినుములు

మా ఆయన పోయి ఏడాది తిరక్కముందే మా బావగారు, అంటే మా ఆయన అన్న, నా పొలానికి కౌలుదారుణ్ణి వెతికిపెట్టారు. "ఆడమనిషివి, మడికాడ నువ్వేం జేస్తావమ్మా? కౌలుకిచ్చేసి నిమ్మళంగా ఉండు" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ మంచితనం చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆ రెండెకరాల్లో వంగి నాట్లు వేసింది, కలుపు తీసింది నేను కాదా? అప్పుడు ఆడమనిషినని ఎవరికీ గుర్తు రాలేదు. "ఈ మినుముల పంట నేనే వేస్తాను. పోయిందంటే అప్పుడిస్తా కౌలుకి" అని చెప్పేశాను.

ఆ నేలలో ఏళ్ళ తరబడి వరి తప్ప మరొకటి పండలేదు. మినుము వేళ్ళకి కావాల్సిన సూక్ష్మజీవులు ఆ మట్టిలో ఉండవని నాయుడుపేట నుంచి రైజోబియం పొట్లం తెచ్చాను. చూడ్డానికి నల్లటి పొడి, అందులో ఉన్నవి మాత్రం బతికున్న బ్యాక్టీరియా. చల్లార్చిన బెల్లం నీళ్ళలో కలిపి మినుములకు పట్టించి, వసారా నీడలో రెండు చాపల మీద ఆరబోసి, కూలీలను పిలవడానికి వెళ్ళాను.

వచ్చేసరికి ఒక చాప ఎండలో ఉంది. బావగారు గొంతుక్కూర్చుని గింజలు తిరగేస్తున్నారు. మా వైపు విత్తనమంటే ఎండబెట్టాల్సిందే, ఎండబెట్టనివాడు రైతే కాదు. "తడిగా ఉండాయమ్మా, బూజు పడతాదని పొద్దున్నే ఎండలోకి లాగినా" అన్నారు, మెచ్చుకుంటాననుకుని.

"చంపేసినారు బావా!" అని అరిచాను.

ఆయన బిత్తరపోయి మినుముల వైపు చూశారు. మినుములకేం కాలేదు, వాటికి పట్టించిన ప్రాణులే మాడిపోయాయి. పొట్లంలో పొడి మిగల్లేదు. ఆ చాప మీది విత్తనాన్ని రోడ్డు పక్క మడిలో విడిగా చల్లించాను.

మొలకలు లేచాయి కానీ అన్ని మళ్ళలోనూ పాలిపోయే ఉన్నాయి. బావగారు బండి మీద యూరియా బస్తా వేసుకొచ్చారు. నేను గట్టుకి అడ్డంగా నిలబడ్డాను.

"పైరు చస్తాదమ్మా."

"చస్తే నా పైరే గదా చచ్చేది."

నాది ఇంటర్ బైపీసీతో ఆగిన చదువు. అది ఆ రోజు పనికొచ్చింది. ఆ బ్యాక్టీరియా వేరులో బుడిపె కట్టుకుని కాపురముంటాయని, మొక్క వాటికి చక్కెర పెడుతుందని, ఆ బలంతో అవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తాయని కోపంగానే చెప్పాను. ముందే యూరియా పోస్తే మొక్క వాటిని లోపలికి రానివ్వదు, కూర్చుని తినడానికి అలవాటు పడుతుంది. "మొండిదానివి" అని ఆయన బస్తా మళ్ళీ ఎక్కించుకున్నారు. మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరంతా అనే మాటే కదా! కానీ వేళ్ళకి బుడిపెలు కట్టడానికి పట్టే ఆ మూడు వారాలూ భయంతో నాకు అన్నం సయించలేదు. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నెల తిరిగేలోపు లోపలి మళ్ళు ముదురాకుపచ్చకి తిరిగాయి. ఒక మొక్క పీకి, బుడిపెను గోటితో చీల్చి బావగారికి చూపించాను. లోపల ఎర్రగా ఉంది.

"నెత్తురా ఏంది?"

"దాని చుట్టమే. లోపలుండే వాటికి ఊపిరి ఎంత కావాలో అంతే అందిస్తాది. ఎరుపుందంటే అవి పనిచేస్తా ఉన్నట్టు."

రోడ్డు పక్క మడి మాత్రం పసుపుగానే ఉండిపోయింది. వేళ్ళకి బుడిపెలు ఒకటీ అరా, చీలిస్తే తెల్లగా.

"దానికైనా నాలుగు దోసిళ్ళు యూరియా జల్లుదామమ్మా. బస్సుల్లో పొయ్యేవాళ్ళంతా చూస్తా ఉండారు" అని బతిమాలారు.

"చూడనీండి" అన్నాను. చల్లనివ్వలేదు. ఆయన పరువు కోసం నా మడికి రంగు పూయాలా?

కాయ గట్టిపడే రోజుల్లో బావగారు వెతికిపెట్టిన ఆ కౌలుదారు మోటారు సైకిలు మీద వచ్చి, కౌలు మాట ఏమైందని అడిగాడు. నేను మడిలో వంగి ఉన్నాను. బావగారు గట్టు మీద నుంచే అతనికి జవాబు చెప్పారు.

"మా మరదలే చేసుకుంటాదిలే అబ్బయ్యా. నేనే చేసుకోమని చెప్పినా."

నడుం లేపి నిలబడ్డాను. ఇద్దరికీ వినబడేలా గట్టిగానే అన్నాను.

"మీరు చెప్పలేదు బావా. మీరు చెప్పినట్టు విత్తనమంతా ఎండబెట్టుంటే రెండెకరాలూ ఆ రోడ్డు పక్క మడిలాగే ఉండేవి."