మాట్లాడని సాకెట్లు

"మూడు నెలలుగా ఉలుకూ పలుకూ లేని సాకెట్ చచ్చినట్టే లెక్క, ఎల్డన్. తెరిచి ఉంచితే ఎవడో ఒకడు దూరతాడు."

"మా ఆవిడా మూడు నెలలు పలకలేదు, మార్లీస్. చావలేదుగా. డులూత్‌లో శుభ్రంగా ఉంది."

నేను కేబుల్ చుట్ట భుజాన వేసుకుని తలుపు బయట నిలబడి విన్నాను. మార్లీస్ మా నెట్‌వర్క్ ఆఫీసుకి పెద్ద. ఆమెకి పని నేర్పినవాడు ఈ ఎల్డన్ హౌగనే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా యూనివర్సిటీ గోడల్లో తీగలు లాగాడు. ఆ రోజు సోమవారం. శుక్రవారం రిటైరవుతున్నాడు.

మార్లీస్ మాటలో తప్పు లేదు. ఇప్పుడు క్యాంపస్ అంతా వైఫై. ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళది, ఎవరొచ్చారో తెలుస్తుంది. గోడల్లోని మా పాత నెట్ సాకెట్లకి ఆ పట్టింపు లేదు, తీగ గుచ్చినవాడిదే రాజ్యం. కిందటేడు హాస్టల్లో ఒకడు చవక రౌటర్ కొనుక్కొచ్చి గోడకి తగిలించాడు. దానికి పాస్‌వర్డ్ లేదు. దారిన పోయేవాళ్ళంతా మా నెట్‌వర్క్‌లోకి నడిచొచ్చారు. అందుకే చప్పుడు లేని రెండువందల పన్నెండు సాకెట్లనీ కుర్చీలోంచే ఒక్క నొక్కుతో ఆర్పేద్దామంది. తలుపు తట్టి అడక్కుండా ఒక్కటీ ఆర్పనన్నాడు ఎల్డన్. చివరికి బుధవారం దాకా గడువిచ్చింది.

ఎల్డన్‌కి తోడు నన్ను పంపారు. నేను ఇదే యూనివర్సిటీలో రెండో ఏడాది చదువు మానేసి కూలిపనికి చేరినవాణ్ణి. ఏ క్లాసు గది కనబడ్డా, "ఇక్కణ్ణించేనా పారిపోయావు?" అని అడిగేవాడు ఎల్డన్.

తలుపులు తీసినవాళ్ళు ల్యాప్‌టాప్ మీంచి తలెత్తలేదు. సాకెట్టా, ఎక్కడుంది, ఆర్పుకోండి అన్నారు. నెట్ గోడలో ఉన్న రోజుల్లో ఎల్డన్‌కి కాఫీ పోసి కూర్చోబెట్టేవాళ్ళట. ఇప్పుడు ఒక గదిలో బీరువా వెనక సాకెట్ ఎల్డన్ చూపిస్తే, పాతికేళ్ళుగా అక్కడే ఉన్న ప్రొఫెసర్ ఆయన్ని కొత్తగా వచ్చారా అని అడిగాడు. ఎల్డన్ అవునన్నాడు.

మధ్యాహ్నాలు ఎల్డన్ నెట్ తీగలన్నీ కలిసే స్విచ్ పెట్టెలుండే ఇరుకు గదిలో తినేవాడు, అక్కడ వెచ్చగా ఉంటుందని. రెండు కుర్చీలుండేవి. రెండోదాని మీద ఎప్పుడూ పనిముట్ల సంచీ. నేను మెట్ల మీద కూర్చుని తినేవాణ్ణి.

బుధవారం బయాలజీ భవనం నేలమాళిగలో ఒక తలుపు తట్టాం. ఐదు నెలలుగా పలకని సాకెట్. రెండుసార్లు తట్టినా జవాబు లేదు. నేను వెనక్కి తిరిగాను. ఆయన ఆగి మూడోసారి తట్టాడు. రోజలిన్ పెల్కీ అనే ముసలావిడ తీసింది. నలభై ఏళ్ళుగా సరస్సుల్లో పట్టిన చేపల ముక్కలు ఫ్రీజర్ నిండా దాచింది. ఫ్రీజర్ వేడెక్కితే కబురు పంపే పాత పెట్టె ఆ సాకెట్‌కే ఉంది. కొత్త వైఫై పాస్‌వర్డ్ అడిగితే అది చెప్పగలిగేది కాదు. ఫ్రీజర్ చెడితే తప్ప నోరు తెరవదు.

"సెప్టెంబరు తర్వాత ఈ తలుపు తట్టింది మీరే. హీటర్ బాగుచేయడానికనుకున్నాను," అందామె.

ఎల్డన్ హీటరూ బాగుచేశాడు.

మార్లీస్ స్వయంగా వచ్చి చూసింది. గడువు నెలాఖరుకి మార్చింది. అప్పటికీ తట్టని తలుపుల వెనక సాకెట్లు ఆరిపోతాయని కాగితం మీద రాసిచ్చింది. ఎల్డన్ శుక్రవారాన్ని మార్చడం మాత్రం ఆమె చేతిలో లేదు.

శుక్రవారం ఆఫీసులో కేకు కోశారు. నలుగురం తిన్నాం, సగం మిగిలింది. సోమవారం నేను డెన్వర్ వెళ్ళిపోతున్నానని అప్పటికే అందరికీ చెప్పాను. ఎక్కడా ఏడాది నిలవను, నా సంగతి అంతే. సాయంత్రం ఎల్డన్ నన్ను ఇరుకు గదిలోకి పిలిచాడు. రెండో కుర్చీ మీది సంచీ తీసి కింద పెట్టాడు. కూర్చున్నాను. చేతిలో జాబితా పెట్టాడు.

"అరవై ఒకటి మిగిలాయి, కార్సన్. డెన్వర్ ఎక్కడికీ పోదు. ఈ తలుపులు తట్టి వెళ్ళు. ఈమెయిల్ పంపకు, చేత్తో తట్టు. ఎవరూ పలక్కపోతే కాసేపు ఆగి మళ్ళీ తట్టు."