అమ్మ చూపించిన పొయ్యి

ఇది జరిగి మూడేళ్ళయింది. అప్పుడే రాద్దామనుకున్నాను, కానీ అప్పటికి నాకు రాయడం రాదు. అరవై దాటాక గుడి పక్క హాల్లో ఆదివారం తరగతికి వెళ్ళి అక్షరాలు దిద్దాను. చదవడం ముందొచ్చింది. వాక్యం కట్టడం ఇప్పుడిప్పుడే వస్తోంది. తప్పులుంటే మన్నించండి.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. తెల్లవారకముందే తలకు దీపం కట్టుకుని పాల కోసం రబ్బరు చెట్లు గీసినదాన్ని. చీకట్లో నాకు ఎదురైనవి పాములు, అడవి పందులు, అంతే.

మలేషియాలో సుంగై సిపుట్ దగ్గర మా పాత రబ్బరు తోటను కొట్టేసి ఇళ్ళు కట్టబోతున్నారు. మా అల్లుడు రమణకు పాత నాణేల పిచ్చి. నేలలోని లోహాన్ని పసిగట్టే మిషన్ ఒకటి కొత్తగా కొన్నాడు. దాన్ని ఎక్కడైనా వాడి చూడాలని అతని ఆత్రం.

"అత్తా, కూలీల లయిన్లో మీ ఇల్లు ఎక్కడుండేదో సూపించండి. పాత సెంటు బిళ్ళలు దొరుకుతాయి."

"మా కాడ సెంట్లే ఉంటే పారేసుకుంటామేటి బాబూ!" అన్నాను. అయినా, పుట్టిన చోటును చివరిసారి చూద్దామని బయలుదేరాను.

పుట్టింది అక్కడేగానీ, పుట్టినట్టు కాగితం లేదు. అందుకే నాకున్నది ఎర్ర కార్డు. ఈ దేశంలోనే ఉండొచ్చు, కానీ ఈ దేశపు మనిషిని కాదు. కాగితం తెమ్మని ఆఫీసులో ఎన్నిసార్లు తిప్పి పంపారో లెక్కలేదు.

నాకు పదకొండేళ్ళప్పుడు అమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నాన్న అప్పటికే లేడు. మరుసటి ఏడు గుర్తింపు కార్డు తీయాల్సి వచ్చి, "కాగితం ఎక్కడెట్టినావే అమ్మా?" అని అడిగాను. ఆమె వణికే చేత్తో పొయ్యి వైపు చూపించింది. ఆకలేమోనని గంజి కాచి తెచ్చాను. మొహం తిప్పేసుకుంది. అడిగిన ప్రతిసారీ ఇదే జరిగింది. చదువు రాని మనిషి, పొయ్యి అంటించడానికి కాగితం వాడేసిందని నేను తేల్చుకున్నాను. ఒకరోజు ఆ మాట మొహం మీదే అనేశాను. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆ తర్వాత రెండేళ్ళకు పోయింది.

అల్లుడితో బయలుదేరిన ఆ ఆదివారం ఉదయం తొమ్మిదింటికి తోటకు వెళ్ళి, కాపలాదారును అడిగి లోపలికి నడిచాం. ఇళ్ళు లేవు, సిమెంటు మెట్లు మాత్రం మిగిలాయి. మిషన్ అడుగడుగునా కీచుమంది. తవ్వితే చెట్లకు పాలకప్పులు కట్టే తీగ ముక్కలు, రేకు మేకులు. గంటలో దాని దీపం ఆరిపోయింది. రమణ బ్యాటరీ పీకి జేబులో వేసుకుని, ఇంకోటి తేవడానికి మోటారు సైకిల్ దగ్గరకు పోయాడు. అతను పీకడం నేను చూడలేదు. మెట్ల మీద కూర్చుని చెప్పులోని మట్టి దులుపుకుంటున్నాను.

ఊరికే ఉండలేక, దాని హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని మిషన్ ఊపుతూ నడిచాను. మోగింది. కీచుమని కాదు. టక్, టక్, టక్. ఆగింది. మళ్ళీ మూడు. పాలబాల్టీ మీద కత్తితో మూడుసార్లు కొట్టి అమ్మ నన్ను అలాగే పిలిచేది. నాకప్పుడు భయం వేయలేదు. "వస్తన్నానే" అన్నాను, చిన్నప్పుడు అన్నట్టే.

అక్కడే పారతో తవ్వాను. రెండు జానల లోతులో బిస్కట్ డబ్బా తగిలింది. దాని చుట్టూ రబ్బరు పాలు పోసి ఆరబెట్టారు. తోలులా గట్టిపడి అతుక్కుపోయింది. పైన నల్లటి బొగ్గు, కాలిన ఇటుక. అప్పుడు తెలిసింది నేను నిలబడింది పొయ్యి మీదని.

రమణ తిరిగొచ్చి, "ఎలా తెలిసింది అత్తా?" అన్నాడు.

"నీ మిషనే మోగింది కదేటి!"

అతను గుప్పిట తెరిచాడు. "కొత్త బ్యాటరీ ఇదిగో. పాతది జేబులో ఉంది. దేంతో మోగినాది?"

మిషన్ తిప్పి చూపించాడు. బ్యాటరీ పెట్టే గూడు ఖాళీ.

కత్తితో రబ్బరు చీల్చితే తోట వాసన గుప్పున కొట్టింది. లోపల ఐదు నలుచదరపు సెంటు నాణేలు. వాటి కింద మడత చెక్కుచెదరని నా పుట్టుక కాగితం.

చిన్నప్పుడు అమ్మ పాతిపెట్టడం చూసి మరిచిపోయి ఉంటానని, కాళ్ళే అక్కడికి తీసుకెళ్ళాయని మా అమ్మాయి అంటుంది. కావచ్చు. మరి ఆ చప్పుడు? బ్యాటరీ లేకుండా చిన్న కూత కూడా రాదని మిషన్ అమ్మినవాడే అన్నాడు. నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఏడాది దాటాక, ఈ దేశపు మనిషినేనని నీలం కార్డు వచ్చింది. నాణేలు అల్లుడి అద్దాల పెట్టెలో ఉన్నాయి.

కాగితం దొరికిన మర్నాడు పొద్దున, అమ్మ పటం ముందు పెడదామని అలవాటుగా గంజి గిన్నె అందుకున్నాను. చివరి రోజుల్లో ఆమెకు పట్టింది అదేనని ఏటా తద్దినానికి పటం ముందు గంజే పెట్టేదాన్ని. గిన్నె పక్కన పెట్టేశాను. పనికి పోయేముందు ఆమె తాగినట్టే డబ్బా పాలు వేసి రెండు గ్లాసుల కాఫీ కలిపి, ఒకటి అమ్మ పటం ముందు పెట్టాను. కాగితం విప్పాను. ఇంగ్లీషు అక్షరాలు మా మనవరాలు నేర్పింది. తల్లి పేరున్న చోట వేలు పెట్టి, కూడబలుక్కుంటూ అమ్మ పేరు అమ్మకే చదివి వినిపించాను. తర్వాత రెండు గ్లాసులూ నేనే తాగి, కాగితం రవికెలో దోపుకుని, ఆఫీసుకు ఎనిమిది గంటల బస్సెక్కాను.