పెండ అనకూడని క్లాసు

హసన్‌పర్తిలో మాకు బయోగ్యాస్ పాఠాలు చెప్పిన సారుకు బర్రె పెండను పెండ అంటే గిట్టేది కాదు. ఎవరి నోటి నుంచి ఆ మాట వచ్చినా, మాటకే వాసన ఉన్నట్టు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునేవాడు. "ఫీడ్‌స్టాక్ అనాలె. కంపెనీవాళ్ల ముందట పెండ అంటే నౌకరీ ఇస్తరా?" అని గదమాయించేవాడు. ఆయనదేమీ లండన్ కాదు, మా పక్క ఊరే. వాళ్లమ్మ పొద్దున్నే లేచి వాకిట్లో ఫీడ్‌స్టాక్‌తో సాన్పి చల్లేది కాబోలు.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, వరంగల్ చౌరస్తా దగ్గర ఒక బట్టల దుకాణంలో చీరలు విప్పి చూపించే పని చేసేదాన్ని. గిరాకీ లేకపోయినా కూర్చోకూడదు. సాయంత్రానికి పిక్కలు పట్టేసేవి. ధర్మసాగర్ వైపు గ్యాస్ ప్లాంటు పెడుతున్న కంపెనీ ఈ శిక్షణ కేంద్రం నుంచే మనుషులను తీసుకుంటుందని విని, దుకాణం మానేసి ఇక్కడ చేరాను. నాకు ఆ ఉద్యోగం కావాలి. అందుకోసం ఈ సారును కూడా భరించాను.

ఆయన పాఠమంతా తెర మీది బొమ్మల్లోనే ఉండేది. పెరట్లో నిజం ప్లాంటు, అంటే ఒక సిమెంటు తొట్టి, దాని మీద ఇనుప మూత, ఒక పైపు, పైపు చివర పొయ్యి, ఖాళీగా ఎండుతుండేది. చూసి చూసి మా బ్యాచ్ ఆడపిల్లలమే పక్కనున్న బర్లకొట్టం నుంచి తట్టలతో పెండ మోసుకొచ్చి, నీళ్లు కలిపి పోశాం. సారు వరండా దిగలేదు. కొన్ని వారాలకు పొయ్యి మీద నీలి మంట లేచింది. అందరం కేకలు పెట్టాం. దాని మీదే చాయ్ పెట్టాం. ఆ చాయ్ కోసం మాత్రం సారు వరండా దిగాడు. దిగి, మంట పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు.

కంపెనీవాళ్లు మరో వారంలో వస్తారనగా ఆయనకు వాసన బెంగ పట్టుకుంది. ఫినాయిల్ డబ్బాలు తెప్పించి, తొట్టి బయటే కాదు, లోపల కూడా పొయ్యమన్నాడు.

"సార్, గ్యాస్ తయారు చేసేది లోపల కంటికి కనపడని పురుగులే గద. ఫినాయిల్ పోస్తే చస్తయి" అన్నాను.

"పురుగులు చావాలనే గదమ్మా ఫినాయిల్ పోసేది!" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బయోగ్యాస్ నేర్పడానికి జీతం తీసుకునే మనిషి అన్న మాట అది! నేను పొయ్యనన్నాను. వాచ్‌మన్‌ను పిలిచి, తనే దగ్గరుండి రోజూ పోయించాడు. రోజురోజుకూ మంట చిన్నదైంది. అడిగితే ఎండ తక్కువగా ఉందన్నాడు.

కంపెనీ తరఫున ఒక పెద్దాయన వచ్చాడు. పొయ్యి నాబ్ తిప్పి అగ్గిపుల్ల గీశాడు. అంటుకోలేదు. ఇంకో పుల్ల గీశాడు. తొట్టి దగ్గరికి వెళ్లి వంగి, మొహం చిట్లించాడు.

"గిండ్ల ఫినాయిల్ ఎవరు పోసిన్రు?"

సారు క్షణం కూడా తడుముకోలేదు. మా వైపు చెయ్యి చూపించాడు. "పిల్లలు సార్. ఆడపిల్లలు గద, జర శుభ్రం ఎక్కువ."

"అబద్ధం! సారే పోయించిండు!" అని అరిచాను. పెద్దాయన నా వైపు చూడనైనా చూడలేదు. "ఎవరు పోస్తేంది? ప్లాంటును చంపెటోళ్లను తీస్కపోయి నేనేం జెయ్యాలె?" అని కారెక్కి వెళ్లిపోయాడు. మాలో ఒక్కరినీ తీసుకోలేదు.

మళ్లీ దుకాణంలోనే చేరాను. కొన్ని నెలలకు సారు అక్కడికే వచ్చాడు, ముఖ్య అతిథికి కప్పడానికి శాలువా కావాలని. కొత్త బ్యాచ్ మొదలవుతోందట. ఈసారి సోలార్ అట. అది ఎప్పుడు నేర్చుకున్నాడో ఆ సూర్యుడికే తెలియాలి. నేను ఒక్కో శాలువా విప్పి చూపిస్తుంటే నన్ను ఎగాదిగా చూశాడు. గుర్తుపట్టాడేమో అనుకుని పళ్లు బిగించాను. లేదు. జాలిపడుతున్నాడు.

"డిగ్రీ చదివినవా అమ్మా? గిట్ల పొద్దంత నిలబడుడేంది? మా దగ్గర ట్రైనింగ్‌ల చేరు. జాబ్ గ్యారెంటీ."